బోడిమడి

మట్టి పరీక్షల ల్యాబ్, రెండో అంతస్తు
జూన్ 4

బాబాయ్‌కి,

ఫోన్ చేస్తే సగం మాటలు నీకు వినబడవు, మిగతా సగం వినబడనట్టు నటిస్తావు. అందుకే ఉత్తరం. నిన్ను తప్పించుకోనివ్వకుండా పట్టుకోవడానికి ఇంతకంటే మార్గం నాకు తోచలేదు.

నీ బోడిమడి మా ల్యాబ్‌కి వచ్చింది. మడంతా కాదులే, ఐదు పొట్లాల మట్టి. పొట్లాల మీద మీ పరిశోధన క్షేత్రం ముద్ర చూడగానే నాకు కాసేపు పని సాగలేదు. సెలవులకి వచ్చినప్పుడల్లా ఆ మడి గట్టు మీద కూర్చుని నువ్వు కలుపు పీకుతుంటే చూసిన దాన్ని కదా. అప్పట్లో నువ్వు అందరినీ అడిగేవాడివి, "ఏమీ పండని మడికి నేనెందుకు కాపలా?" అని. ఎవరూ సరిగ్గా చెప్పలేదు. నేను చెప్తాను, విను.

గాలిలో ఉండే కార్బన్‌లో రెండు రకాలున్నాయి. ఒకటి మామూలుది, ఇంకొకటి పిసరంత బరువుది. బరువుది నూటికి ఒక పాలు. చెట్లు దాన్ని వీలైనంతవరకూ వదిలేస్తాయి. మొక్కజొన్న, చెరకు లాంటివి అంత పట్టింపు లేకుండా లోపలికి లాక్కుంటాయి. ఆకు రాలి, కుళ్ళి, మట్టిలో కలిసిపోయినా ఆ తేడా చెరిగిపోదు. మేం ఆవగింజంత మట్టిని తగరపు రేకులో చుట్టి యంత్రంలో వేస్తాం. అది మట్టిని కాల్చి, వచ్చిన గ్యాసుని తూచి, ఒక అంకె చెప్తుంది. చెట్ల నుంచి వచ్చిందైతే మైనస్ ఇరవై ఏడు దగ్గర, మొక్కజొన్న నుంచి వచ్చిందైతే మైనస్ పదమూడు దగ్గర. మట్టిలో ఉన్న నలుపు ఏ మొక్క పెట్టిన భిక్షో ఆ అంకె చెప్పేస్తుంది.

ముప్ఫై ఏళ్ళ కిందట అడవి కొట్టినప్పుడు అక్కడ మూడు మడులు కట్టారు. ఒకదాన్ని చెట్లతోనే ఉంచారు. ఒకదాంట్లో ఏటా మొక్కజొన్న వేశారు. మూడోదాంట్లో ఏమీ మొలవనివ్వలేదు. మూడోది నీది. కొత్తగా ఏమీ రాకపోతే పాత అడవి నలుపు ఎన్నేళ్ళు నిలుస్తుందో ఆ మడి ఒక్కటే చెప్పగలదు. మిగతా రెండింటి లెక్కా దాన్ని పట్టుకునే తేలాలి. అదీ నీ కాపలా.

ఇప్పుడు చిక్కు ఏమిటంటే, మూడు పొట్లాలు మైనస్ ఇరవై ఆరు చూపించాయి. బాగుంది, అంతే రావాలి. రెండు మాత్రం మైనస్ ఇరవై నాలుగున్నర. ఒకటిన్నరే కదా అనకు, మా పనిలో అది కొండ. మట్టిలో సున్నం ఉందేమోనని ఆసిడ్‌తో కడిగి మళ్ళీ వేశాను. మళ్ళీ అంతే. ఆ రెండు చోట్లా ఎప్పుడో ఏదో పెరిగినట్టుంది.

మొక్కజొన్న గింజలేమైనా ఎగిరొచ్చి మొలిచాయా బాబాయ్? గుర్తు తెచ్చుకో. సెప్టెంబరు చివరికి నేను రిపోర్టు ఇవ్వాలి. ఈ చిక్కు తేలకపోతే బోడిమడిని లెక్కలోంచి కొట్టేయమంటున్నారు మా పెద్ద మేడం. లెక్కలోంచి పోతే నేల మీద నుంచీ పోతుంది, అక్కడ గిడ్డంగి కట్టాలని క్షేత్రం వాళ్ళు ఎప్పటి నుంచో చూస్తున్నారు. నిలబడితే మాత్రం మడి ముందు నీ పేరుతో బోర్డు పెడతారట. "ఇరవై నాలుగేళ్ళు గడ్డిపోచ మొలవనివ్వని మనిషి" అని.

నీ పిడుగు


సైకిల్ షాపు మీది గది
జూన్ 11

పిడుగుకి,

నీ ఉత్తరం కింద షాపతను తెచ్చి ఇచ్చాడు. ఎవరో కోర్టు నోటీసు పంపారనుకున్నాడట, అంత బరువుగా ఉంది. చదివాక నాకూ నోటీసులాగే అనిపించింది.

నువ్వు చెప్పిన పాఠం బాగుంది. ఇరవై నాలుగేళ్ళు చేసిన ఉద్యోగానికి అర్థం రిటైరైన ఆరేళ్ళకి తెలిసింది. ఇప్పుడేం చేసుకోను దాన్ని?

నీ ప్రశ్నకి జవాబు, మొలవలేదు. మొక్కజొన్న కాదు కదా గరిక పోచ కూడా మొలవలేదు. ప్రతి శనివారం మడి నాలుగు మూలలా తిరిగి, కలుపు పీకి, పుస్తకంలో "కలుపు లేదు" అని రాసి సంతకం పెట్టాను. జ్వరమొచ్చినా పెట్టాను. నమ్మకపోతే పుస్తకం తెప్పించుకుని చూడు. ఆ మడిలో నాగలి కూడా పెట్టేవాళ్ళం కాదు, అంతా చేత్తోనే. పురుగు పాకినా నాకు తెలిసేది.

మీ యంత్రానికే ఏదో అయ్యుంటుంది. ఆవగింజంత మట్టిని కాల్చి ముప్ఫై ఏళ్ళ కథ చెప్పే యంత్రం అబద్ధమాడదని గ్యారంటీ ఏముంది? పక్షులు రెట్టలు వేస్తాయి, గాలికి ఆకులు కొట్టుకొస్తాయి, వానకి పక్క మడి మట్టి జారుతుంది. నా మీదే ఎందుకు పడ్డావు?

బోర్డు గురించి నేను ఆశపడలేదు. పెడితే వద్దననూ లేదు.

ఇక్కడ అంతా బాగానే ఉంది. కింద సైకిళ్ళకి గాలి కొట్టే చప్పుడు రోజంతా. అదే నాకు ఊపిరాడుతున్నట్టు ఉంటుంది. వేళకి తిను. ల్యాబులో కూర్చుని మట్టి తినకు.

బాబాయ్


మట్టి పరీక్షల ల్యాబ్
జూన్ 20

బాబాయ్‌కి,

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ ఉత్తరం. నేను మొక్కజొన్న అని అడిగాను. గరిక అనలేదు. గరిక కూడా మొక్కజొన్నలాగే ఆ బరువు కార్బన్‌ని లాక్కుంటుందని, దాని అంకె కూడా మైనస్ పదమూడు దగ్గరే ఉంటుందని నీకు నేను చెప్పలేదు. ఇన్ని కలుపు మొక్కలుండగా నీ నోట అదే ఎందుకొచ్చింది?

కోపం తెచ్చుకోకు. పుస్తకం తెప్పించుకోమన్నావు కదా, తెప్పించాను. ఇరవై నాలుగేళ్ళ శనివారాలు, ఒక్కటి కూడా తప్పలేదు. ఇంత చక్కటి పుస్తకం మా మేడం కూడా చూడలేదట. "ఈయన రాసిందే నిజమైతే మట్టి తప్పు చెప్తోంది, మట్టి నిజమైతే ఈయన తప్పు రాశాడు" అంది. నేను పుస్తకం మూసేసి బయటికొచ్చేశాను. మాట్లాడితే ఏడుపొస్తుందని భయమేసింది.

ఒక్కటి మాత్రం నమ్ము. గడ్డి మొలవడం పెద్ద నేరం కాదు. ఎప్పుడు మొలిచిందో, ఎప్పుడు పీకావో తెలిస్తే అది నాకు పనికొస్తుంది కూడా. ఇన్ని నెలలు పెరిగిన గరిక, ఇన్నేళ్ళ తర్వాత మట్టిలో ఇంకా ఎన్ని పాళ్ళు మిగిలిందో లెక్క కట్టొచ్చు. అలాంటి లెక్క డబ్బులిచ్చినా దొరకదు. తేదీ ఉన్న తప్పు మా పనిలో ముడిసరుకు. తేదీ లేని తప్పే దండగ.

తేదీ నీ ఒక్కడికే తెలుసు. రెండు వారాల్లో రాయి.

నీ పిడుగు


సైకిల్ షాపు మీది గది
జులై 15

పిడుగుకి,

రెండు వారాలన్నావు, మూడున్నర పట్టింది. రాద్దామని కూర్చోవడం, కాగితం మడిచి దిండు కింద పెట్టడం. అలా అయింది.

సరే. మొలిచింది. గరికే. పదకొండేళ్ళ కిందట, మీ పిన్నికి జబ్బు చేసిన రోజుల్లో. అప్పుడు నాకు మోకాళ్ళు పట్టేశాయి, వంగలేకపోయాను. దానికి తోడు ఆస్పత్రి చుట్టూ తిరగడం. ఇంటికొచ్చేసరికి ఒంట్లో సత్తువ ఉండేది కాదు. మడంతా గరిక పట్టేసింది. చూసి కూడా వదిలేశాను. పుస్తకంలో మాత్రం ఎప్పటిలాగే రాశాను. ఏడాది పైన అలాగే ఉంది, తర్వాత పీకించాను. సరైన తేదీలు గుర్తు లేవు.

రిపోర్టులో రాసుకో, కాపలాదారు నిర్లక్ష్యం అని. మడిని కొట్టేస్తే కొట్టేయమను. బోర్డు వద్దని చెప్పు. ఇరవై నాలుగేళ్ళూ నిజాయితీగా చేశాడని అందరూ అనుకున్న వాడు దొంగ సంతకాలు పెట్టాడని తెలుస్తుంది, అంతేగా. అడుసు తొక్కిన వాడు కాలు కడుక్కోవాల్సిందే.

ఇక దీని గురించి అడగకు.

బాబాయ్


పరిశోధన క్షేత్రం, అతిథి గది
ఆగస్టు 20

బాబాయ్‌కి,

అడగకన్నావు. అడుగుతున్నాను. బోడిగుండుకీ మోకాలికీ ముడి పెట్టడమంటే ఇన్నాళ్ళూ సామెత అనుకున్నాను. నువ్వు నిజంగానే పెట్టావు.

నీ ఉత్తరం వచ్చిన వారానికి నేనే ఇక్కడికి వచ్చాను. మడి మీద రెండేసి మీటర్లకి ఒక తాడు కట్టి, తాళ్ళు కలిసిన ప్రతి చోటా మట్టి తీశాను. నూట డెబ్భై ఆరు పొట్లాలు. నడుము విరిగింది. ల్యాబ్‌కి పంపితే అక్కడి వాళ్ళు నన్ను తిట్టుకుంటూ మూడు వారాలు యంత్రం నడిపారు. నిన్న అంకెలన్నీ వచ్చాయి. ఒక గళ్ళ కాగితం మీద మడి గీసి, గరిక ఆనవాలున్న గళ్ళన్నీ పెన్సిల్‌తో నింపాను, ఇందులో పెట్టాను చూడు.

మడంతా గరిక పట్టిందని రాశావు. అబద్ధం. సగం మడిలో ఒక్క వేరు ఆనవాలు కూడా లేదు, అడవి నలుపు తప్ప ఇంకేమీ లేదు. గరిక ఉన్న చోటు అచ్చం చేట ఆకారంలో ఉంది. రోడ్డు వైపు అంచున రెండు బారల వెడల్పు. అక్కడి నుంచి అటు పోయే కొద్దీ వెడల్పై, చెట్ల వైపు అంచుకి వచ్చేసరికి దాదాపు మడంత అయింది. చేట అంచులు రెండూ తిన్నటి గీతలు. గీతకి ఇవతల ఇరవై నాలుగున్నర, అవతల ఇరవై ఆరు. బద్ధకస్తుడు గీత గీసుకుని బద్ధకించడు బాబాయ్. గీతకి అవతలి కలుపు ప్రతి వారం పీకిన మనిషికి, ఇవతలిది పీకలేనంతగా మోకాళ్ళు పట్టేసి ఉండవు.

ఆ రెండు గీతల్నీ స్కేలుతో మడి బయటికి పొడిగించాను. ఒకచోట కలిశాయి. అక్కడికి నడిచి వెళ్ళాను. ఇప్పుడక్కడ బళ్ళు పెట్టుకునే రేకుల షెడ్డు ఉంది. ఇప్పటి కాపలాదారుని అడిగితే, నాలుగేళ్ళ కిందటి వరకూ అక్కడ సిబ్బంది ఇల్లు ఉండేదని చెప్పాడు. ఎవరిల్లో అతనికి తెలియదు. నాకు తెలుసు. నూనె మరకలున్న ఆ గచ్చు మీద నిలబడి చాలాసేపు ఏడ్చాను.

పిన్ని జబ్బుతో ఉన్నప్పుడు పరీక్షల వంక పెట్టి నేను ఒక్కసారే వచ్చాను. మంచం పక్కన కిటికీకి వీపు పెట్టి కూర్చుని, ఉన్నంతసేపూ నా కబుర్లే చెప్పాను. ఆవిడ నా భుజం మీదుగా చూస్తూ ఉంది. నా మాటలు వినడం లేదని మనసులో నొచ్చుకున్నాను కూడా. ఆవిడ ఏం చూస్తోందో వెనక్కి తిరిగి చూడాలని నాకు తోచలేదు.

నాకు అర్థమైందనే అనుకుంటున్నాను. కానీ నా ఊహని రిపోర్టులో రాయలేను. సగం మడి శుభ్రంగా ఉందని నా కాగితం చెప్తే మేడం నమ్మదు. గీత గీసిన మనిషి సంతకంతో చెప్తేనే నమ్ముతుంది. ఆమె ఒక ఫారం ఇచ్చింది, అదీ ఇందులోనే ఉంది. నాలుగు గడులున్నాయి. గడ్డి వదిలిన తేదీ, పీకిన తేదీ, ఎవరు, కారణం. నింపితే మడి నిలుస్తుంది. కానీ దొంగ సంతకాల సంగతి అందరికీ తెలుస్తుంది. బోర్డు రాదు, ఆ మాట నీ దగ్గర దాచను. నింపకపోతే మడి పోతుంది, నీ పుస్తకం మాత్రం అందరి దృష్టిలో చక్కగా ఉండిపోతుంది. అప్పుడు కూడా నేను ఎవరికీ ఏమీ చెప్పను. ఒట్టు.

నీ ఇష్టం. నిజంగా నీ ఇష్టమే.

నీ పిడుగు


సైకిల్ షాపు మీది గది
సెప్టెంబరు 2

అమ్మా,

నువ్వు పంపిన గళ్ళ కాగితం గోడకి ఆనించి పెట్టుకుని రాస్తున్నాను. పెన్సిల్‌తో బాగా నింపావు. కింది షాపతను చూసి, "ఏంటి పెద్దాయనా, చేట బొమ్మ గీశారు?" అన్నాడు. అవునన్నాను.

మీ పిన్ని ఆ ఇంట్లో పందొమ్మిదేళ్ళు ఆ మడినే చూసింది. లేవగానే తలుపు తీస్తే ఎర్రటి బోడినేల. "అందరి గుమ్మాల ముందూ పచ్చగా ఉంటుంది, నా మొగుడు మాత్రం మొలిచినవన్నీ పీకి జీతం తెచ్చుకుంటాడు" అని వచ్చిన వాళ్ళందరితో చెప్పి నవ్వేది. నేనూ నవ్వేవాడిని. మంచాన పడ్డాక ఆ నవ్వు పోయింది. మంచం గది మధ్యలో వేశాం, ఎదురుగా కిటికీ. మెడ కూడా తిప్పలేని మనిషికి ఆ కిటికీలో ఏది కనబడితే అదే లోకం. కనబడేది నా బోడిమడి.

ఆ ఏడు తొలివానలకి కిటికీకి ఎదురుగా ఒక గరిక దుబ్బు మొలిచింది. నేను ఇంకోవైపు నుంచి కలుపు తీసుకుంటూ వస్తున్నా, అది నా కంట పడటానికి నాలుగు రోజులు పట్టింది. పీకుదామని వంగి, ఎందుకో కిటికీ వైపు చూశాను. మీ పిన్ని అప్పటిదాకా ఇటే చూస్తున్నట్టుంది. నేను చూడగానే కళ్ళు మూసేసుకుంది. ఆమె నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలుసు కదా. అలాంటి మనిషి ఆ దుబ్బు సంగతి నాలుగు రోజులు నాతో చెప్పలేదు. చెప్తే పీకేస్తానని.

నా చెయ్యి ఆడలేదు. లేచి పక్కకి వెళ్ళిపోయాను.

మర్నాడు ఆమెని స్కానింగ్‌కి తీసుకెళ్ళి, అక్కడ మా వదిన్ని కూర్చోబెట్టి, మందుల చీటీ మరిచిపోయానని చెప్పి ఇంటికొచ్చాను. ఆ మంచం మీద పడుకున్నాను. ఆమె దిండు మీద తల పెట్టి, మెడ కదల్చకుండా చూశాను. కిటికీ చట్రం ఇటు ఎక్కడ అడ్డొస్తోంది, అటు ఎక్కడ అడ్డొస్తోంది, రెండూ గుర్తు పెట్టుకున్నాను. వెళ్ళి మడిలో పుల్లలు పాతాను. మళ్ళీ వచ్చి పడుకుని చూశాను. ఒక పుల్ల జానెడు లోపలికి వచ్చింది, వెళ్ళి జరిపాను. అలా నాలుగుసార్లు తిరిగాను. ఆమెకి కనబడే మేర గరికది. కనబడని మేర ఉద్యోగానిది. అంతకు మించి ఒక్క జానెడు కూడా నేను దొంగతనం చెయ్యలేదు.

తనిఖీకి వచ్చే వాళ్ళు పుస్తకం చూసేవాళ్ళు కానీ మడి చూసేవాళ్ళు కారు. శనివారం శనివారం పుల్లల బయట ఒక్క పోచ లేకుండా పీకి, ఇంటికొచ్చి "కలుపు లేదు" అని రాసేవాడిని. ఆ మాట అబద్ధమని తెలుసు. అయినా రాశాను.

ఇద్దరం దాని గురించి ఒక్కసారీ మాట్లాడుకోలేదు. గరిక మోకాలెత్తు అయిన రోజుల్లో ఒకసారి మాత్రం అంది, "నీకు కళ్ళజోడు మార్చాలేమో, చూపు బొత్తిగా ఆనడం లేదు." "మారుస్తాలే" అన్నాను. ఆమె నవ్వింది. మంచాన పడ్డాక అంత హాయిగా నవ్వడం మళ్ళీ చూడలేదు.

నీకు మోకాళ్ళ కథ ఎందుకు చెప్పానో కూడా చెప్పేస్తాను. పెళ్ళాం మాట విని ఉద్యోగానికి ద్రోహం చేశాడని ఎవరైనా అంటే నేను పడలేను. ఆమె అడగలేదు. ఒక్కసారి కూడా అడగలేదు. నన్ను బద్ధకస్తుడని అనుకున్నా పరవాలేదు, ఆమె మీదికి మాట రాకూడదనుకున్నాను. ఇప్పుడు నువ్వు ఆ గచ్చు మీద నిలబడి ఏడ్చానని రాశాక, ఇంకా దాచితే ఆమెనే దాచినట్టు అనిపించింది.

ఆమె వెళ్ళిపోయాక మూడో రోజున మొత్తం పీకేశాను. ఎవరినీ పిలవలేదు, పీకించానని రాసింది కూడా అబద్ధమే. వేళ్ళు జానెడు లోతుకి దిగాయి. పొద్దున మొదలుపెడితే సాయంత్రమైంది. ఏడుస్తూ పీకాను. దుబ్బులు దులిపి, దులిపిన మట్టి మడిలోనే వేసి, పోచ లేకుండా ఎత్తేశాను. ఇక ఏమీ మిగల్లేదనుకున్నాను. మిగిలిందని నువ్వంటున్నావు. మంచిదే.

ఫారం నింపి, సంతకం పెట్టి, దీంతో పాటు పంపుతున్నాను. నా రాత మీ మేడంకి అర్థం కాకపోతే నువ్వు చదివి వినిపించు.

వదిలిన తేదీ, జులై పద్దెనిమిది, ఆమెకి మొదటి స్కానింగ్ జరిగిన రోజు. పీకిన తేదీ, మరుసటి ఏడు నవంబరు ఇరవై రెండు. గుర్తు లేవని రాశాను కదా, ఈ రెండు తేదీలు గుర్తు లేని రోజు నాకు లేదు. ఎవరు అన్న చోట నా పేరు రాసి, తెలిసే చేశానని రాశాను. కారణానికి మరీ చిన్న గడి ఇచ్చారు. "మంచం మీద నుంచి కనబడాలని" అని రాస్తే సరిపోయింది.

బోర్డు సంగతి వదిలెయ్. రిపోర్టులో నా గురించి ఏం రాసుకున్నా నాకు అభ్యంతరం లేదు. దొంగ సంతకాలని రాయండి, పెట్టాను. తప్పుడు పుస్తకమని రాయండి, ఒప్పుకుంటాను. నిర్లక్ష్యం అని మాత్రం రాయనివ్వకు. ఇరవై నాలుగేళ్ళ ఉద్యోగంలో అంత జాగ్రత్తగా నేను చేసిన పని ఇంకొకటి లేదు.

బాబాయ్